మొంబాసా రోకలిబండ, వెనక వైపు నుంచి

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. నాకు ఎడమ ఏదో కుడి ఏదో వెంటనే తెలియదు. మనసులోనే ఒక అన్నం ముద్ద కలిపి, దాన్ని నోటి దాకా ఎత్తే చెయ్యి ఏదో చూసుకుని, అది కుడి కాబట్టి రెండోది ఎడమ అనుకుంటాను. దానికి కాస్త సమయం పడుతుంది. ఆటోవాలా "డాన్‌దికే, నా బాఁదికే?" అని, కుడికా ఎడమకా అని బెంగాలీలో అడిగినప్పుడు అంత సమయం ఇవ్వడు. నోటికి వచ్చింది చెప్పేసి, వేరే సందులో దిగి, అక్కడే ఎవరింటికో వెళ్లాల్సినదానిలా నాలుగడుగులు నడిచి, ఆటో మలుపు తిరిగాక వెనక్కి వస్తాను. చిన్నప్పటి నుంచీ ఇంతే. అమ్మకి కూడా తెలియదు.

అలాంటి నాకు, ఒక జంతువు ఎడమ భాగాన్ని ముందు నుంచి చూసి ఉన్నది ఉన్నట్టు గీసే పని దొరికింది.

నేను చదివిన కాలేజీలోనే జంతుశాస్త్రం వాళ్లకి ఒక నమూనాల గది ఉంది. ఎత్తైన బీరువాలు, వాటి నిండా స్పిరిట్ జాడీలు. డిగ్రీలో నా రికార్డు పుస్తకం బొమ్మలు బాగున్నాయని ఎవరో చెబితే, రిటైరైనా ఆ గదిని వదలని ఒక ప్రొఫెసర్ నన్ను పిలిపించుకున్నారు. అందరూ ఆమెను దిది అంటారు. నేనూ అదే అన్నాను. ఆమె నన్ను "మా" అనేవారు. ఇక్కడ పెద్దవాళ్లు ఆడపిల్లల్ని అలాగే పిలుస్తారు, మనం అమ్మా అన్నట్టు. కానీ ఆమె అన్నప్పుడల్లా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని ఒకసారి చూసేదాన్ని. ఆమె మాటలన్నీ బెంగాలీలోవి. నేను తెలుగులో రాస్తున్నాను.

ఆమె జీవితమంతా రోకలిబండల మీద పనిచేశారు. ఏక్‌బాల్‌పూర్‌లో మా క్వార్టర్స్ బాత్రూంలో వానాకాలం వస్తే గోడల మీద పాకే ఎర్రటి సన్నవి, ముట్టుకుంటే చుట్ట చుట్టుకునేవి, వాటి చుట్టాలే. బెంగాలీలు కెన్నో అంటారు. అమ్మ చీపురుతో ఊడ్చి గొట్టంలోకి తోసేస్తుంది. దిది చూపించింది మాత్రం అలాంటిది కాదు. తూర్పు ఆఫ్రికాది. జాడీలో వంకరగా పడుకుని, నా మోచేతి నుంచి మణికట్టు దాకా ఉండేది. ఒకప్పుడు నల్లగా మెరిసేదట. స్పిరిట్‌లో ఏళ్ల తరబడి ఉండి పాత తోలు చెప్పు రంగులోకి వచ్చింది. కాళ్లలో మాత్రం ఇంకా కొంచెం ఎరుపు మిగిలింది.

రోకలిబండ ఏ జాతిదో పైకి చూస్తే తెలియదు. మగదాన్ని పట్టుకోవాలి. మగదానికి ఏడో వలయం దగ్గర నడిచే కాళ్లు ఉండవు. అక్కడి కాళ్లు మారిపోయి, శరీరం లోపలికి ముడుచుకుని, జతకట్టడానికి పనికొచ్చే రెండు చిన్న అవయవాలుగా ఉంటాయి. వాటి మడతలు ఒక్కో జాతికి ఒక్కోలా ఉంటాయి. ఎడమదాన్ని మాత్రం సూదులతో బయటికి తీసి, కుడిదాన్ని అలాగే లోపల వదిలేస్తారు, తర్వాత వచ్చేవాళ్లు సరిచూసుకోవడానికి. తీసినదాన్ని గ్లిజరిన్ చుక్కలో పెట్టి మైక్రోస్కోప్ కింద ముందు వైపు నుంచి గీస్తారు. మైక్రోస్కోప్ పక్కన ఒక గొట్టంలో అద్దం ఉంటుంది. అందులోంచి చూస్తే ఆ అవయవమూ, కాగితం మీద నా పెన్సిల్ మొనా ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. గీత మీదే గీత గీసుకుపోవడమే.

ఇదంతా ఇంట్లో ఎలా చెప్పను?

"ఏటి గీస్తావక్కడ?" అని అమ్మ అడిగితే, "పురుగు కాళ్లు" అన్నాను. అబద్ధం కాదు కదా.

"కాళ్లు గీస్తే జీతమిస్తారేటి!" అంది. తర్వాత కుళాయి దగ్గర ఎదురింటావిడతో గర్వంగా చెప్పడం విన్నాను: "మా పిల్ల పెద్ద కాలేజీలో పురుగుల కాళ్లు గీస్తాది. అన్నీ వెయ్యికాళ్ల పురుగులే, పనికి లోటు నేదు."

ఆ జాడీ దిదికి వాళ్ల అన్నయ్య, ఆమె మాటల్లో దాదా, తెచ్చి ఇచ్చింది. ఆయన ఓడల్లో ఇంజనీరుగా ఉండేవాడు. దిది కొత్తగా లెక్చరరైన రోజుల్లో, మొంబాసాకి కొంచెం అవతల వాన వెలిసిన దారిలో ఇవి పాకుతుంటే చూసి, చెల్లెలికి పురుగులంటే ఇష్టమని ఒక మగదాన్నీ ఒక ఆడదాన్నీ రమ్ సీసాలో వేసుకుని వచ్చాడట. రేవులో కస్టమ్స్ అతను వాసన చూసి, సీసా ఇలా ఇవ్వమన్నాడట. దాదా మర్యాదగా మూత తీసి అతని ముక్కు కిందే పెట్టాడట. "ఆ తర్వాత దాదా సామాను ఎవరూ ముట్టుకోలేదు" అని దిది ఈ కథ నాకు చాలాసార్లు చెప్పారు, ప్రతిసారీ మొదటిసారి చెబుతున్నట్టే. దాదా తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. పెళ్లి చేసుకోలేదు, పిల్లల్లేరు. ఆయన తెచ్చినవాటిలో మిగిలింది ఈ జాడీ ఒక్కటే.

ఆ ప్రాంతపు పెద్ద రోకలిబండల్లో దీనికి దగ్గరగా ఉన్న జాతి ఒక్కటే. దాని గురించి లోకానికి తెలిసింది కూడా చాలా తక్కువ. ఎప్పటిదో ఒక విదేశీ పత్రికలో కొన్ని వాక్యాలూ ఒక చిన్న బొమ్మా, అంతే. బొమ్మ కింద "ముందు నుంచి" అని ఉంది. ఎడమదో కుడిదో రాయలేదు. వాళ్లు చూసిన నమూనా ఇప్పుడు ఉందో లేదో కూడా ఎవరికీ తెలియదు. ఆ బొమ్మలో అవయవం కొన దగ్గర ఒక ముల్లు స్పష్టంగా ఉంది. దాదా తెచ్చినదానికి ముందు వైపు ముల్లు లేదు. కాబట్టి ఇది వేరే జాతి, ఇంకా పేరు లేనిది. దిది ఎన్నో ఏళ్లుగా ఆ మాట మీదే ఉన్నారు. పేరు కూడా సిద్ధం. దాదా పేరుకి లాటిన్ తోక తగిలించి, వేడి టీ గుక్కలాగ నెమ్మదిగా పలికేవారు. కళ్లు బాగున్న రోజుల్లో వేరే పనులు అడ్డుపడ్డాయి. తీరిక దొరికేసరికి కళ్లు పోయాయి. ఆమెకి చూపు మధ్యలో మసక. మనిషిని చూడాలంటే ముఖం పక్కకి తిప్పేవారు, చెవితో వింటున్నట్టు.

"నా కళ్లు నువ్వే, మా" అన్నారు మొదటి రోజే. నాకు భయమేసింది.

ముందు వైపు బొమ్మ గీశాను. ముల్లు లేదు. దిది కాగితాన్ని భూతద్దంతో పక్క చూపుతో చూసి, తల ఊపారు. ఇక మిగిలింది వలయాలూ, తలా, తోకా.

వాన జోరుగా పడుతున్న ఒక మధ్యాహ్నం, గ్లిజరిన్ తగ్గిందని ఇంకో చుక్క వేశాను. ఆ చుక్క తోసేసరికి అవయవం బద్ధకంగా ఒక పక్కకి ఒరిగి, పూర్తిగా తిరగబడింది. సరిచేద్దామని కంటిని మళ్లీ ఆనించాను. కొన దగ్గర ముల్లు ఉంది.

పాత బొమ్మ ఫోటోకాపీ బల్ల మీదే ఉంది. దాన్ని చూశాను. మళ్లీ లోపలికి చూశాను. ఆ వంపు, ఆ మడత, ముల్లు ఒరిగిన తీరు, అన్నీ అవే. ఎవరో నా భుజం మీదుగా చూసి గీసినట్టుంది.

సంతోషించాల్సింది. నాకు కలిగింది గాభరా. ఏది ముందు, ఏది వెనక? ఒంటి నుంచి విడిపోయిన ముక్కకి ముందూ వెనకా మనం చెప్పినవే. నేను ఇన్నాళ్లూ ముందు అనుకుని గీసిందే వెనక అయితే? కుడి ఎడమలే తెలియనిదాన్ని, ముందు వెనకల సంగతి ఏం చెబుతాను? అద్దం ఏమైనా తిప్పి చూపిస్తోందా? అద్దం పక్కకి తీసి చూశాను. ముల్లు అక్కడే ఉంది. గది తాళం వేసి వచ్చేశాను. బస్సులో కూర్చుని చేతుల్ని అటూ ఇటూ తిప్పుకుంటూ ఉంటే పక్కనావిడ జరిగి కూర్చుంది.

మర్నాడు ఆదివారం. అమ్మ రొట్టెలకి పిండి కలిపి పెట్టింది. అందులోంచి ఒక ముద్ద తీసి, ఆ అవయవాన్ని గుర్తున్నంత వరకు పెద్దగా చేశాను. వెనక వైపు ఒక లవంగం గుచ్చాను.

"ఏటే అది?" అంది అమ్మ.

"పురుగు కాలు."

"ఇది కాలేటి? దీనికి మోకాలేది? పిండంతా పాడు చేసీసినావు. సన్నపిల్లవా?"

డ్యూటీకి తయారవుతున్న నాన్న చూసి, "మా పంపు హేండిల్ నాగుంది" అన్నాడు. నాన్న కార్పొరేషన్ నీళ్ల పంపు దగ్గర పనిచేస్తాడు. ఆయనకి వంకరగా ఉన్నవన్నీ పంపు హేండిళ్లే.

అమ్మ నా మణికట్టు పట్టుకుని, "ముందు చేతులు కడుక్కో, గోళ్లలోకి పోయింది పిండి" అంటూ నా చేతిని బోర్లా తిప్పింది. అప్పుడు చూశాను. ఎడమ అరచెయ్యీ, కుడి చేతి వెనక వైపూ, చుట్టూ గీత గీస్తే ఒకే ఆకారం. బొటనవేలు రెండిటికీ ఒకే పక్కన ఉంటుంది. తేడా గోళ్లలోనే. చేతి లెక్కలో చెబితే, పాత బొమ్మ కింద 'అరచెయ్యి' అని రాసి ఉంది, బొమ్మలో గోరు కనిపిస్తోంది. దిది దాన్ని అరచేతిలో గోరు ఉన్న జాతి అనుకున్నారు. ఆకారం కుడిదాని ముందు వైపుకి సరిగ్గా సరిపోతుంది కాబట్టి అనుమానం రాలేదు. కానీ గీసినతను ఎడమదాన్ని వెనక నుంచి గీసి, ముందు అని రాసి ఉంటే?

ఉంటే. ఆ మాట దగ్గర మళ్లీ తికమక. రోకలిబండల్లో అరచేతిలో గోరు ఉన్నవి ఉండకూడదని ఏముంది?

సోమవారం ఆ మగదాన్ని జాడీలోంచి తీసి పళ్లెంలో పెట్టాను. కుడిది ఇంకా లోపలే ఉంది కదా. దానికి ముందు అంటే తల వైపు. అక్కడ నా అన్నం ముద్దతో పనిలేదు. తల వైపు నుంచి చూశాను, ముల్లు లేదు. తోక వైపు నుంచి ఫోర్సెప్స్‌తో మెల్లగా ఎత్తి చూశాను, ముల్లు ఉంది. ఇంకోటి కూడా కనిపించింది. ఆ రెండు అవయవాల మొదలు దగ్గర, వాటి నడుమ ఒక చిన్న ముక్కోణపు పలక ఉంటుంది. అది ముందు వైపు నుంచే కనిపిస్తుంది. పాత బొమ్మలో సన్నటి వెంట్రుకలు కూడా గీసినవాడు ఆ పలకని గీయలేదు. అతనికి అది కనిపించలేదు కాబట్టి గీయలేదు. అతను వెనక నుంచి చూస్తున్నాడు.

అంటే దాదా తెచ్చింది కొత్త జాతి కాదు. ఎవరో ఎప్పుడో పేరు పెట్టేసిన ఆ పాత జాతే. దాని ముందు వైపుని మొదటిసారి చూసింది మేమే. వ్యాసం రాయవచ్చు, మంచి వ్యాసమే అవుతుంది. కానీ పేరు పెట్టడానికి ఉండదు.

వారమంతా రెండు బొమ్మలూ నా సంచిలోనే ఉన్నాయి. వెనక బొమ్మని చూపించకపోయినా అడిగేవాళ్లు లేరు. ఈ పురుగుల్ని చూసేవాళ్లు ప్రపంచంలో ఎంతమంది? అలా అనుకున్న ప్రతిసారీ, తర్వాతెప్పుడో నాలాంటిది ఎవరో ఆ కుడిదాన్ని ఫోర్సెప్స్‌తో ఎత్తి చూస్తుందని, అప్పుడు దాదా పేరు కొట్టేస్తారని కూడా అనిపించేది. అసలు పేరు లేకపోవడం కష్టమా, పెట్టిన పేరు కొట్టేయడం కష్టమా? నేను తేల్చుకోలేకపోయాను. డైరీ తీశాను. తెలుగు అక్షరాలు తాతయ్య నేర్పాడు కాబట్టి మా ఇంట్లో నేనొక్కదాన్నే తెలుగు ధారాళంగా రాస్తాను, ఏం రాసినా ఎవరూ చదవరు. అయినా ఆ వారం ఒక్క వాక్యం కూడా పూర్తి చేయలేకపోయాను.

శనివారం సాల్ట్ లేక్‌లో దిది ఫ్లాట్‌కి వెళ్లాను. ఆమె ఒక్కరే ఉంటారు. టీ ఇచ్చారు, ఒక గిన్నెలో మరమరాలు పెట్టారు. ఆ మరమరాలన్నీ తిన్నాకే చెప్పాను.

"దిది, అది గ్లిజరిన్‌లో తిరగబడింది. వెనక నుంచి కూడా గీశాను."

ఆమె కప్పు కింద పెట్టారు. "ముల్లు ఉందా?"

నేను ముల్లు మాట ఎత్తనే లేదు.

"ఉంది."

"ఎక్కడ?"

కాగితం ఇచ్చి లాభం లేదు. లేచి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాను. నేను ఎవరి చేతినీ అలా పట్టుకునేదాన్ని కాదు. అరచెయ్యి తాకి, "ఇది ముందు అనుకోండి" అన్నాను. తర్వాత బోర్లా తిప్పి, ఒక గోటి మీద వేలు పెట్టాను. "ఇక్కడుంది."

చెయ్యి వెనక్కి తీసుకోలేదు ఆమె. "నువ్వే తారుమారుగా పెట్టి ఉంటావు."

"కుడిదాన్ని కూడా చూశాను దిది. ఒంట్లోనే ఉంచి. తల వైపు నుంచి లేదు."

"మరి పలక?"

"పాత బొమ్మలో లేదు. అది ముందు వైపు అయితే ఉండాలి కదా."

"గీసినవాడు వదిలేసి ఉండొచ్చు."

"వెంట్రుకలు కూడా గీసినవాడు పలక వదిలేస్తాడా, దిది?"

నా గొంతేనా అనిపించింది. ఆమె ముఖం పక్కకి తిప్పి నన్ను చూశారు. "నీకు నోరు లేదనుకున్నాను" అని నవ్వారు. పక్క ఫ్లాట్‌లో ప్రెషర్ కుక్కర్ కూత వేసింది.

"అయితే దానికి పేరు ఉందన్నమాట."

"ఉంది, దిది."

"ఎవరో పెట్టేశారు."

నా వేలు ఇంకా ఆమె గోటి మీదే ఉంది.

"దాదా ఉంటే ఏమనేవాడో తెలుసా? 'పేరున్న పురుగునే తెచ్చానా? అంత మంచి రమ్ దండగైపోయింది కదే' అనేవాడు." ఈసారి నవ్వలేదు. నా వేళ్ల కింద ఉన్న చేతిని మెల్లగా వెనక్కి తీసుకుని, ఒళ్లో పెట్టుకున్నారు, అరచెయ్యి కనబడేట్టు.

తిరుగు బస్సులో ఆ ఒక్క ప్రశ్నే తిరిగింది. ముల్లు ఉందా అని ముందే ఎలా అడిగారు? అంతటి అనుభవం ఉన్న మనిషి, తిరగబడింది అనగానే ఊహించి ఉండవచ్చు. లేదా కళ్లు బాగున్న రోజుల్లో తనే ఒకసారి తిప్పి చూసి, మళ్లీ ముందుకి తిప్పి పెట్టేసి ఉండవచ్చు. అదే నిజమైతే నన్నెందుకు పిలిచారు? చెప్పింది చెప్పినట్టు గీసే మూగ పిల్ల అనుకునా? ఎవరో ఒకరు తిప్పి చూడాలనా? ఆలోచిస్తూ ఆలోచిస్తూ మా స్టాపు దాటిపోయాను.

తర్వాత దిది తమ్ముడి కూతురు వచ్చి ఆమెను సిలిగుడికి తీసుకెళ్లిపోయింది. వ్యాసం రాత పని ఆ మేనకోడలి ఫోన్ ద్వారానే నడిచింది. దిది చెప్పేవి ఆవిడ టైపు చేసి పంపేది, నేను సరిచేసి పంపేదాన్ని. ఈ ఏడు అచ్చయింది. అందరికీ అంతగా తెలియని ఆ పాత జాతికి ఇప్పుడు ముందూ వెనకా రెండు బొమ్మలున్నాయి. దాదా పేరు, నమూనా సేకరించినవారు అన్న చోట ఒక్కసారి వస్తుంది. ఆ పేజీ ఫోటో మేనకోడలికి పంపాలని ఎన్నోసార్లు తీశాను. ఇంకా పంపలేదు. పంపాలో వద్దో ఇప్పటికీ తెలియడం లేదు. కారణం, ఆ శనివారం తలుపు దగ్గర దిది నాతో అన్న మాటలు. ఆ తర్వాత ఆమె గొంతు నేను వినలేదు. నేను చెప్పులు వేసుకుంటుంటే, గుమ్మం పట్టుకుని నిలబడి, నా వైపు కాకుండా లిఫ్ట్ వైపు చూస్తూ అన్నారు:

"రెండు బొమ్మలూ వెయ్యి. వెనకదే పెద్దగా వెయ్యి. అచ్చయ్యాక మాత్రం నాకు చూపించకు, మా."